అవ్వ పెరట్లోకి జేసీబీ కన్నా ముందు అవ్వ వెళ్లాలి

ప్రశ్న: మా అవ్వకు చంద్రగిరి దగ్గర పల్లెలో ఇల్లు, దాని వెనక పెద్ద పెరడు ఉన్నాయి. తాత పోయాక అవ్వను తిరుపతిలో మా ఫ్లాటుకే తెచ్చుకున్నాం, అప్పటినుంచి అక్కడ చూసేవాళ్లు లేరు. ముళ్లకంప, వయ్యారిభామ నడుమెత్తు పెరిగి లోపల ఏ చెట్టు ఎక్కడుందో కనబడటం లేదు. మామిడి, జామ, ఉసిరి, చింత ఉన్నట్టు గుర్తు. ఈ వేసవి సెలవుల్లో జేసీబీ పెట్టి మొత్తం చదును చేయిద్దాం అంటున్నాడు నాన్న. నాకేమో ఈ ఒక్క ఏడాదైనా పళ్లు కోసుకోవాలని, అవ్వ చెప్పే పాత సంగతులు రాసిపెట్టుకోవాలని ఉంది. అవ్వకు ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. ఫోన్ ఆన్ చేసి కూర్చోబెడితే "ఏముండాది మే చెప్పేదానికి" అని లేచి వెళ్లిపోతుంది. ఏం చేయమంటారు?
— ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: నాన్నగారిని ఒక్క ఏడాది ఆగమనండి. ఏడాది ఎందుకంటే పెరట్లో ఏముందో ఒక్క వేసవిలో తెలియదు. మామిడిలో బేనీషా మే నెలలో వస్తుంది, తోతాపురి జూన్‌లో మొదలవుతుంది, నీలం అందరూ మామిడిపళ్లతో మొహం మొత్తిపోయాక జులైలో తీరిగ్గా వస్తుంది (నాకైతే నీలమే ఇష్టం, బేనీషా అభిమానులు కోప్పడినా సరే), ఉసిరి చలికాలంలో, చింతపండు శివరాత్రి అటూఇటూ. పైగా చాలా మామిడి రకాలు ఒక ఏడు విరగకాసి మరో ఏడు మొండికేస్తాయి. ఈసారి కాయ కనబడలేదని గొడ్డుచెట్టు అనుకుని కొట్టేస్తే, వచ్చే ఏడు కాయాల్సిన చెట్టు కట్టెల కింద పోతుంది. జేసీబీతో ఇంకో ఇబ్బంది ఉంది. మామిడికి ఆహారం తీసుకునే సన్నటి వేర్లు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి. బకెట్‌తో పైపైన గీకినా అవి తెగిపోతాయి, చెట్టు నిలబడే ఉంటుంది గానీ నీరసపడిపోతుంది.

కాబట్టి కూలివాళ్లను ఇద్దర్ని పెట్టి కొడవలితో దారి మాత్రం తీయించండి, చెట్టు నుంచి చెట్టుకు. పొద్దెక్కి బాగా వెలుతురొచ్చాకే దిగండి, కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర ఉండాలి. ఎండుటాకుల్లో రక్తపింజరి పడుకుంటే పక్కనున్నా తెలియదు. ఎవరికైనా కాటు పడితే గాట్లు పెట్టడం, తాడు బిగించి కట్టడం, మంత్రం వేయించడం లాంటివేవీ వద్దు, కాలు కదపకుండా నేరుగా పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక అవ్వ సంగతి. అవ్వను ఇంటర్వ్యూ చేయకండి! ఫోన్ మొహం మీద పెట్టి "నీ చిన్నప్పటి సంగతులు చెప్పవ్వా" అంటే ఎవరికైనా బుర్ర ఖాళీ అయిపోతుంది, మతిమరుపున్న మనిషి సంగతి చెప్పేదేముంది, అది పరీక్ష హాల్లో కూర్చోబెట్టినట్టే. దారి తీయించాక ఆమెను ఊరికి తీసుకెళ్లి, నీడలో కుర్చీ వేసి, చేతికి పని ఇవ్వండి. ఒక్కో చెట్టు ఆకు కోసుకొచ్చి ఒళ్లో పెట్టండి. పాతకాలం వాళ్లు చాలామంది మామిడాకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని రకం చెప్పేస్తారు. ఏ చెట్టు ఎవరి పెళ్లప్పుడు పెట్టింది, ఏ చెట్టు కాయల కోసం ఏ మరిది అలిగాడు, ఇలాంటివన్నీ వాటంతటవే వస్తాయి. నిన్నటివి పోయినా నలభై ఏళ్ల నాటివి చాలామందిలో గట్టిగానే ఉంటాయి. ఒకే కథ ఒక్కోసారి ఒక్కోలా చెబితే సరిదిద్దకండి, రెండూ రాసుకోండి. చెట్టుకు ఒక అట్టముక్క కట్టి దానిమీదే రాస్తే ఇంకా మంచిది, తర్వాత నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోవచ్చు. పచ్చి చింతకాయ, మిరపకాయలు, రోలు ఆమె ముందు పెట్టి ఊరిబిండి నూరమనండి. మీరు ఉప్పు తక్కువ వేసి చూడండి, తిట్లతో సహా ఆ ఇంటి చరిత్ర మొత్తం బయటికొస్తుంది.

కోత విషయంలో తొందరపడకండి. మామిడికాయ ముచ్చిక దగ్గర భుజాలు ఉబ్బి, చెట్టున మాగిన పండు ఒకటి దానంతటది రాలితే కోతకొచ్చినట్టు. రాళ్లతో కొట్టకుండా దోటికి చిక్కం కట్టి, కాస్త కాడ ఉంచి కోయండి. తర్వాత ఆ కాడ తుంచి, ముచ్చిక కిందికి పెట్టి సొన కారనివ్వండి. అది కాయ మీద పడితే నల్లమచ్చ, చేతిమీద పడితే పుండు. మాగబెట్టడానికి వరిగడ్డి చాలు, కార్బైడ్ జోలికి వెళ్లొద్దు, దాంతో పళ్లు మాగబెట్టడం మన దేశంలో నిషేధం కూడా.

వాటిల్లో ఏ బజారులోనూ దొరకని నాటు మామిడి ఒకటైనా ఉంటుందని నా అనుమానం. దాని టెంక నాటితే అదే పండు రాదు, అంటు కట్టించాలి. కొత్త కొమ్మల చివర ఆకులు తుంచి వారం పది రోజులు ఆగితే మొగ్గ ఉబ్బుతుంది, అప్పుడు పుల్ల కోసి నర్సరీలో ఇవ్వాలి. వానలు పడే జులై, ఆగస్టు దీనికి మంచి అదను. అంటు బతికిందని చూసుకున్నాక స్థలం చదును చేస్తారో, అమ్ముతారో మీ నాన్నగారి ఇష్టం, నేను అడ్డు రాను. కానీ ఏ చెట్టుకు అంటు కట్టాలో మాత్రం అవ్వనే అడగండి.

ప్రశ్న: మా తాత దొడ్లో సీతాఫలాలు చెట్టుమీదే పగిలి ఉడతలపాలు అవుతున్నాయి. ఎప్పుడు కోయాలి?
— ఓ పాఠకుడు, పాకాల

జవాబు: పండయ్యేదాకా ఆగుతున్నారు, అదే సమస్య. కాయ మీది కళ్ల మధ్య గీతలు వెడల్పయి తెల్లబడగానే గట్టిగా ఉన్నా కోసేయండి, గడ్డిలో పెడితే మూడు నాలుగు రోజుల్లో మెత్తబడతాయి. ఇంట్లో ఎవరైనా గింజలు నూరి పేలకు తలకు పట్టించే అలవాటుంటే మాన్పించండి, ఆ పొడి కంట్లో పడితే చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది.