హాస్కెల్‌లో పెద్ద ఫైలు ముక్కముక్కలుగా చదవాలంటే

తమ్ముడూ,

రెండు జీబీల లాగ్ ఫైలు రీడ్‌ఫైల్‌తో తెరిస్తే మెషీన్ స్తంభించిపోతోందని రాశావు. హాస్కెల్ భాష లేజీ, అంటే అవసరం పడ్డప్పుడే పని చేస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగానే చదువుతుంది, నిజమే. కానీ అదే స్ట్రింగ్ మీద ఒకసారి లైన్లూ ఇంకోసారి అక్షరాలూ లెక్కపెడుతున్నావు. రెండో లెక్కకు కావాలి కాబట్టి మొదటిది నడుస్తున్నంతసేపూ గార్బేజ్ కలెక్టర్ (అక్కర్లేని మెమరీని ఖాళీ చేసేది) దేన్నీ వదిలించుకోలేదు. స్ట్రింగ్ అంటే లింక్డ్ లిస్టు, ఒక్కో సెల్లు తర్వాతిదాన్ని చూపించే అక్షరాల గొలుసు. 64 బిట్ మెషీన్‌లో ఒక్కో అక్షరానికి లిస్టు సెల్లే 24 బైట్లు తింటుంది. 2 జీబీలు 48 అవుతాయి, ఇక ఏ మెషీన్ తట్టుకుంటుంది?

ఫైలు తెరిచి, పనయ్యాక తానే మూసే విత్‌ఫైల్ లోపల, లేజీగా చదివే హెచ్‌గెట్‌కంటెంట్స్ పిలిచి, వచ్చినదాన్ని బయటికి పంపడమూ మానెయ్. చదవడం మొదలయ్యేలోపే ఫైలు మూసుకుపోతుంది. ఇప్పటి జీహెచ్‌సీ (హాస్కెల్ కంపైలర్) ఎర్రరైనా ఇస్తుంది, పాతవి చప్పుడు చెయ్యకుండా ఖాళీ స్ట్రింగ్ చేతిలో పెట్టేవి.

స్ట్రింగ్‌కు బదులు స్ట్రిక్ట్ బైట్‌స్ట్రింగ్ వాడు, అది బైట్లను వరసగా ఒకే దిమ్మగా దాస్తుంది. విత్‌బైనరీఫైల్‌తో తెరిచి, హెచ్‌గెట్‌సమ్‌ను 65536 బైట్లు అడుగు. ఖాళీ ముక్క వస్తే ఫైలు అయిపోయినట్టు. లేకపోతే అందులో 10 అనే బైటు (న్యూలైన్, అంటే లైను ముగింపు గుర్తు) ఎన్నిసార్లుందో కౌంట్‌తో చూసి, మొత్తానికి కలిపి, అదే ఫంక్షన్‌ను మళ్లీ పిలువు. మొత్తం పట్టుకునే ఆర్గ్యుమెంట్ ముందు బ్యాంగ్ గుర్తు (!, వెంటనే లెక్కించమని చెప్పేది) మరిచిపోకు, లేకపోతే చెయ్యని కూడికలన్నీ థంకులుగా, అంటే వాయిదా పడ్డ లెక్కలుగా, పోగుపడతాయి. లైన్లూ బైట్లూ రెండూ కావాలంటే జతగా కాకుండా విడివిడి ఆర్గ్యుమెంట్లుగా పెట్టి, రెంటికీ బ్యాంగ్ వెయ్. జత ముందు పెట్టిన బ్యాంగ్ లోపలి అంకెల దాకా పోదు.

అసలు చిక్కు ముక్కల అంచుల దగ్గరే. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. 65536ను మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. అంటే అచ్చంగా తెలుగే ఉన్న ఫైల్లో మొదటి ముక్క చివరే ఒక గుర్తు తెగుతుంది, దాన్ని అలాగే డీకోడ్ చేస్తే, అంటే బైట్లను అక్షరాలుగా మారిస్తే, ఎక్సెప్షన్ (ఎర్రర్) వస్తుంది. ముక్కలో చివరి న్యూలైన్ దాకా డీకోడ్ చేసి, మిగిలిన తోకను తర్వాతి ముక్క ముందు అతికించు. 10 అనే బైటు ఏ తెలుగు గుర్తు మధ్యలోనూ రాదు కాబట్టి అక్కడ కొయ్యడం క్షేమం. ఫైలు అయ్యాక మిగిలిన తోక చివరి లైనన్నమాట, దాన్ని వదిలెయ్యకు.

ముక్కలోంచి 20 బైట్ల ఎర్రర్ కోడ్ తీసి మ్యాప్‌లో (కీ-విలువల పట్టికలో) దాచుకుంటే దానికి బైట్‌స్ట్రింగ్ కాపీ ఫంక్షన్ పిలువు. లేకపోతే ఆ ఇరవై బైట్ల కోసం 64 కేబీల ముక్క మొత్తం మెమరీలో ఉండిపోతుంది. ఇది కనిపెట్టడం మహా కష్టం.

ఇలాంటి పనికే ఉన్న కాండ్యుట్, పైప్స్ లైబ్రరీల జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు. కంపైల్ చేసేటప్పుడు ఆర్‌టీఎస్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు మెమరీ చూసుకునే రన్‌టైమ్) ఆప్షన్లు ఆన్ చేసి, మెమరీ లెక్కలు చూపించమని చెప్పి, 100 ఎంబీ ఫైలుతో ఒకసారి, 1 జీబీతో ఒకసారి నడుపు. మాగ్జిమమ్ రెసిడెన్సీ (ఒకేసారి మెమరీలో నిలిచిన డేటా గరిష్ఠం) అంకె రెండుసార్లూ ఇంచుమించు ఒకటే రావాలి. ఫైలుతో పాటు పెరిగిందంటే ముందు బ్యాంగులు, తర్వాత కాపీలు వెతుకు.