కన్ను తెల్లబడిందని చుక్కలు ఆపెయ్యకు నాన్నా

నాన్నా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నీ కంటికి యువైటిస్, అంటే కంటి లోపలి పొరకి వాపు, అన్నారంట కదా. కంగారు పడకు, అలాగని తేలిగ్గానూ తీసుకోకు. నాకు మొదటిసారి వచ్చి 22 ఏళ్లు దాటింది, ఆ తర్వాత కూడా చాలాసార్లు తిరగబెట్టింది, అందుకే నేను పడి తెలుసుకున్నవి రాస్తున్నా.

అప్పట్లో నేను కళ్లకలకే అనుకున్నా. ఇంట్లో ఉన్న ఏవో చుక్కలు వేసుకుంటూ పది రోజులు పోగొట్టుకున్నా. కళ్లకలకైతే పుసి కడుతుంది, పొద్దున్నే రెప్పలు అతుక్కుపోతాయి, నొప్పి పెద్దగా ఉండదు. ఇది అలా కాదు, పుసి ఉండదు, నీళ్లు కారతాయి, కంటి లోపల్నుంచి సలుపుతుంది, వెలుతురు అస్సలు ఓర్చుకోలేం, చూపు మసకేస్తుంది, ఎరుపు కూడా నల్లగుడ్డు చుట్టూ వలయంలా ఉంటుంది. బాగున్న కంట్లో లైట్ పడినా జబ్బు కంట్లోనే నొప్పి పుడుతుంది, ఎందుకంటే ఒక కంట్లో వెలుగు పడితే రెండు పాపలూ కలిసే ముడుచుకుంటాయి.

ఆ పది రోజుల్లో నా కంటి పాప అంచు వెనకున్న లెన్స్‌కి అతుక్కుపోయింది. ఇప్పటికీ నా కుడి పాప గుండ్రంగా ఉండదు, ఒక పక్క లాగినట్టు ఉంటుంది. నీకు అట్రోపిన్ లాంటి చుక్కలు రాసింది అందుకే, పాపని పెద్దది చేసి ఉంచితే అతుక్కోదు, లోపల కండరం సడలి నొప్పీ తగ్గుతుంది. దగ్గరవి కనపడవు, ఎండలో కళ్లు చెదురుతాయి, అయినా మానకు. చల్లద్దాలు పెట్టుకో, ఆ రోజుల్లో బండి తీయకు.

ఇక స్టెరాయిడ్ చుక్కలు. ప్రెడ్నిసొలోన్ ఇచ్చి ఉంటే చాలావరకు సీసాలో మందు అడుగున పేరుకుని ఉంటుంది, బాగా ఊపకపోతే నువ్వు వేసుకునేది ఉత్త నీళ్లే. రెండు రకాల చుక్కలకి మధ్య కనీసం 5 నిమిషాలు ఆగు. మొదట్లో గంట గంటకీ వెయ్యమంటారు, నాలుగైదు రోజులకి కన్ను తెల్లబడుతుంది, నొప్పి పోతుంది, ఇంక తగ్గిపోయింది అనిపిస్తుంది. నేను అక్కడే పొరపాటు చేశా, చుక్కలు ఆపేశా, రెండు వారాలకే మళ్లీ మొదలైంది, ఈసారి ముందుకన్నా గట్టిగా. లోపల వాపు కణాలు ఇంకా తేలుతున్నాయో లేదో అద్దంలో కనపడదు నాన్నా, స్లిట్ ల్యాంప్‌లో, అంటే గడ్డం ఆనించి కూర్చోబెట్టి కంట్లోకి చూసే ఆ మైక్రోస్కోప్‌లో, డాక్టర్‌కే కనపడుతుంది. ఆయన చెప్పినట్టు వారాల తరబడి కొంచెం కొంచెంగానే తగ్గించు.

దానికి తిరకాసు ఇంకొకటుంది, అవే చుక్కలు కంట్లో ప్రెషర్ పెంచొచ్చు, ఎక్కువ కాలం వాడితే శుక్లం రావచ్చు. ప్రెషర్ పెరిగినా చాలాసార్లు మనకి తెలీనే తెలీదు. కాబట్టి చెకప్ ఎగ్గొట్టకు. ఇంకోసారి ఎర్రబడితే మిగిలిన సీసా తీసి సొంతంగా మొదలెట్టకు, అది నల్లగుడ్డు మీద హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చిన పుండు అయితే స్టెరాయిడ్ వల్ల పూర్తిగా చెడుతుంది. ఫోన్ చేసి ఆ రోజే చూపించుకో, లేకపోతే మర్నాడు, అంతకంటే ఆలస్యం వద్దు.

కంటికి ఛాతీ ఎక్స్‌రే ఎందుకు అని విసుక్కున్నావంట. టీబీ, సిఫిలిస్ అనే సుఖవ్యాధి, ఊపిరితిత్తుల్లాంటి చోట్ల వాపు గడ్డలు కట్టే సార్కాయిడోసిస్, ఇవన్నీ కంట్లో ఇలా బయటపడొచ్చు, ఇన్ఫెక్షన్ ఉండగా దాని మందు లేకుండా స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే ప్రమాదం. అసలు నీ సంగతిలో నన్ను ఆలోచనలో పడేసింది వేరే, పొద్దున్నే నీ నడుం పట్టేసి, లేచి నాలుగడుగులు తిరిగాకగానీ వదలట్లేదంట కదా, ఆ మాట కంటి డాక్టర్‌కి చెప్పావా? నడుంకీ కంటికీ ఏంటి సంబంధం అనుకోకు, హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యువు ఉన్నవాళ్లలో వెన్ను వాపూ ఈ కంటి జబ్బూ కలిసే వస్తుంటాయి, నాదీ అదే, నాకు ఆరేళ్లు ఎవరూ కలిపి చూడలేదు. చాలామందిలో ఏ కారణమూ దొరకదనుకో, అయినా వెతకడం వెతకాల్సిందే.

వాపు కంటి వెనక భాగంలో వస్తే ఎరుపూ ఉండకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. కళ్ల ముందు నల్ల మచ్చలు, దారాలు తేలడం, చూపు తగ్గడం, అంతే. అప్పుడు చుక్కలు అంత లోపలికి అందవు, మాత్రలో ఇంజెక్షనో కావాలి. ఎప్పుడైనా మెథోట్రెక్సేట్ అనే, రోగనిరోధక శక్తిని తగ్గించి వాపుని అణిచే మందు రాస్తే అది వారానికి ఒక్కసారే, రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది, ఆ రోజు కేలెండర్‌లో రాసి పెట్టుకో. స్టెరాయిడ్ మాత్రలు కూడా ఉన్నట్టుండి ఆపేవి కాదు. సిగరెట్ మానెయ్, దానివల్ల ఈ జబ్బు ఇంకా ఇబ్బంది పెడుతుంది, ఇది నేను కోప్పడి చెప్తున్నా.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఏ రోజు ఎన్ని చుక్కలు, ప్రెషర్ ఎంత వచ్చింది రాసుకో. రోజూ పొద్దున ఒక్కో కన్ను మూసి గోడ మీద కేలెండర్ చదివి చూసుకో, నిన్నటికన్నా మసకగా ఉంటే ఆగకుండా వెళ్లిపో. తర్వాతి చెకప్ ఎప్పుడో నాకు మెసేజ్ పెట్టు, ఆ రోజు నేనూ వస్తా.

పెద్దమ్మ