సవాయ్ నాటకశాల కథ రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

లండన్‌లోని సవాయ్ నాటకశాలకు విద్యుద్దీపాలు వచ్చిన వైనం మీద నీవు పంపిన కథ అందింది, రెండుసార్లు చదివాను. భాష నీకు వశమైంది. అయితే దీపాలు వెలగగానే జనమంతా నోళ్లు వెళ్లబెట్టారని రాసిన ఘట్టం నన్ను కదిలించలేదు. ఆ ఆశ్చర్యాన్ని పాఠకుడు ముందే ఊహిస్తాడు. నీ కథకు కావలసింది దానికి ముందున్న ఉక్కపోతా, భయమూ.

అప్పటి నాటకశాలల్లో గ్యాసు మంటలు గంటల తరబడి వెలుగుతూ, లోపలి గాలిని చెడగొడుతూ, పై అంతస్తులో చౌక టిక్కెట్టు కొన్నవారిని ఉడికించేవి. 1881 అక్టోబరు 10న సవాయ్‌ను తెరిచిన రిచర్డ్ డాయ్లీ కార్ట్, ఒక్కొక్క గ్యాసు మంట ఎందరో మనుషులు పీల్చేంత ప్రాణవాయువును మింగుతుందనీ, జోసెఫ్ స్వాన్ అనే ఇంగ్లీషు ఆవిష్కర్త చేసిన విద్యుత్ బల్బులతో ఆ బాధ లేదనీ ముందుగానే ప్రకటించాడు. వెలుగు కంటే ముందు అతను అమ్మజూపింది చల్లటి గాలిని.

నీ కథలో ఒక్క రాత్రిలో శాలంతా వెలిగిపోయింది. జరిగినది అంతకంటే మంచి కథ. పక్కనున్న ఖాళీ స్థలంలో ఆవిరియంత్రాలతో నడిపిన డైనమోల శక్తి దాదాపు 1,200 బల్బులకు చాలక, ప్రారంభం రోజున ప్రేక్షకాగారం మాత్రమే విద్యుత్తుతో వెలిగింది. వేదిక మీద గ్యాసే మిగిలింది. చూసేవారు కొత్త వెలుగులో, ఆడేవారు పాత వెలుగులో గడిపిన ఆ పదకొండు వారాలు నీ కథలో లేనే లేవు.

ఆ మధ్యలోనే, డిసెంబరు 8న, వియన్నాలోని రింగ్ థియేటర్ తగలబడింది. వేదిక మీది గ్యాసు దీపాలు వెలిగించడంలో జరిగిన పొరపాటుతో మంట లేచింది. గ్యాసు కట్టేయడంతో చీకటి కమ్మి జనానికి దారి తెలియలేదు. అధికారిక లెక్క ప్రకారమే 384 మంది మరణించారు. సరిగ్గా ఇరవై రోజులకు సవాయ్ వేదిక మీదికి విద్యుత్తు వచ్చింది. అప్పుడు కార్ట్ వెలుగుతున్న బల్బును పలుచని మస్లిన్ గుడ్డలో చుట్టి, అందరి ఎదుటా పగలగొట్టి, గుడ్డ అంటుకోలేదని చూపించాడు. దీన్ని నీవు గారడీలా రాశావు. ఆ సభలో వియన్నా వార్త చదవనివారు ఎందరుంటారో ఆలోచిస్తే, ఆ గుడ్డ విప్పేటప్పుడు అక్కడి నిశ్శబ్దం ఎలాంటిదో నీకే తెలుస్తుంది.

కొత్తది రాగానే పాతది ఓడిపోయిందని రాసేయడం మనందరికీ ఉన్న జబ్బు, నాకూ ఉండేది. లండన్‌లోనే లైసియం నాటకశాలను నడిపిన నటుడు హెన్రీ ఇర్వింగ్ గ్యాసు వెలుగులోని మెత్తదనాన్ని వదులుకోలేదు. అయినా 1885లో ‘ఫౌస్ట్’ నాటకంలో కత్తులు కలిసినప్పుడు నిప్పురవ్వలు రాలడానికి విద్యుత్తునే వాడుకున్నాడు. అలా రెండు మనసులున్న మనిషిని నీ కథలోకి తీసుకురా. గ్యాసు కుళాయిలు తిప్పుతూ వెలుగును పెంచీ తగ్గించీ బతికిన పనివాడైతే మరీ మంచిది. మా ఊళ్లో పెట్రోమాక్స్ దీపాల కింద నాటకాలు ఆడే రోజుల్లో, దీపం మసకబారగానే ఒకతను వచ్చి ద్రౌపది పక్కనే నిలబడి గాలి కొట్టి పోయేవాడు. ఆనాటి పద్యాలన్నీ మరిచిపోయాను గానీ, చెమటతో తడిసిన అతని చొక్కా మరిచిపోలేదు.

1849లో పారిస్ ఆపెరాలో ఆర్క్ దీపంతో, అంటే రెండు బొగ్గు కడ్డీల మధ్య విద్యుత్తుతో వెలిగే దీపంతో, సూర్యోదయం చూపిన సంగతిని నీవు మొదటి పేజీలో పెట్టావు. అది నిజమే, అందమైనదే. కానీ బ్యాటరీలతో ఒక్క దృశ్యం కోసం వెలిగిన సూర్యుడికీ, సాయంత్రమంతా మనుషులు కూర్చునే గదికీ పొత్తు కుదరదు. తీసివేయి. 1882 నవంబరులో ఇదే సవాయ్‌లో మొదలైన ‘ఐయోలాంతే’ అనే సంగీత నాటకంలో, ముఖ్యమైన దేవకన్యలు జుట్టులో చిన్న బల్బులు తురుముకుని, వాటి బ్యాటరీలను ఒంటి మీదే మోస్తూ ఆడారు. ఆ బరువు మోసిన పిల్ల వైపు నుంచి చివరి పేజీ తిరగరాసి సంక్రాంతిలోగా పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి