వాళ్లమ్మ ఫోన్ చేసినప్పుడు

అమ్మాయీ,

విశాఖ మద్దిలపాలెంలో కౌన్సెలింగ్‌కి గది తీసుకున్నావట, సంతోషం. నీ దగ్గరికి యూనివర్సిటీ పిల్లలు, ద్వారకానగర్ కోచింగ్ పిల్లలే ఎక్కువగా వస్తారు కాబట్టి ఈ నాలుగు మాటలు.

ఇరవై ఏళ్ల కుర్రాడు తనంతట తాను రావడం తక్కువ. ఇంట్లోవాళ్లు వెంటబెట్టుకొస్తారు, ఫీజూ వాళ్లే కడతారు. నువ్వు వాళ్ల మనిషివనే అనుకుంటాడు. ముందు అతనితో ఒంటరిగా మాట్లాడు, తర్వాత అతని ఎదుటే వాళ్లని పిలువు. వరస తిరగబడితే ప్రతి ప్రశ్నకీ "బానే ఉన్నానండి" అనే జవాబే వస్తుంది.

"ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కు చేసింది, మినహాయింపులూ పెట్టింది. మొదటి పది నిమిషాల్లోనే చెప్పెయ్: "మీ అమ్మగారు అడిగినా చెప్పను. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే చెప్పక తప్పదు, అదైనా ముందు మీకు చెప్పాకే."

వాళ్లమ్మ ఫోన్ ఎలాగూ వస్తుంది. "మీరు చెప్పేది వింటానండి, కానీ మీరు చేశారని బాబుకి చెప్తాను" అను. చెప్పు కూడా. దాచావో, ఇంట్లో గొడవైనప్పుడు "మేడంతో మాట్లాడాన్లే" అని ఆవిడే బయటపెడుతుంది. ఆ కుర్రాడు మళ్లీ నీ గడప తొక్కడు.

ఇంటిపేరు, సొంతూరు అలవాటుగా అడిగేస్తాం మనం. వినేవాడికి అది కులం ఆరా, అడగకు. మార్కుల మాటా అంతే, అతనెత్తితేనే.

చావు ఆలోచన ఉందనిపిస్తే సూటిగా అడుగు: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలాగన్నది కూడా అనుకున్నారా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా పంపకు. ఎవరిని పిలవాలో అతన్నే చెప్పమను, ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైన్ టెలి మానస్ 14416 సేవ్ చేయించు. డాక్టరు అవసరమైతే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. "పిచ్చాసుపత్రా!" అని జడుసుకుంటారు, ఓపీలో చూపించుకుని ఇంటికొచ్చెయ్యొచ్చని ముందే చెప్పు.

ఒక వారం రాకపోతే ఒక్కటే మెసేజ్: "ఈ వారం కుదరలేదనుకుంటా. వచ్చే గురువారం అదే టైము మీకే ఉంచాను." కౌన్సెలింగ్ అన్న మాట అందులో వద్దు. హాస్టల్లో ఫోన్ పక్కవాడి చేతిలోనూ ఉంటుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ