అస్సాం టీ తోటలకు జనవరిలో వెళ్లకు

చిన్నీ,

జనవరి సెలవుల్లో అస్సాం టీ తోటలు చూసొస్తానన్నావని మీ నాన్న చెప్పాడు. టికెట్లు తియ్యకపోతే ఆగమ్మా. చలికాలంలో అక్కడ ఆకు కోత ఉండదు, మొక్కలు కత్తిరిస్తుంటారు, ఫ్యాక్టరీలో మిషన్లు విప్పి రిపేర్లు చేసుకుంటుంటారు, అంత దూరం వెళ్లి ఆగిపోయిన మిషన్లు చూసి ఏం లాభం? మే చివర్లోనో జూన్‌లోనో వెళ్లు. వానా ఉక్కా రెండూ ఉంటాయి, ఓర్చుకో. అస్సాం టీకి పేరు తెచ్చిన చిక్కదనం అప్పుడొచ్చే రెండో విడత ఆకుదే.

జోర్హాట్‌లో దిగు. 1911లో పెట్టిన టొక్లాయ్ టీ పరిశోధన కేంద్రం ఆ ఊళ్లోనే ఉంది, చుట్టూ తోటలే. తోట మేనేజర్‌కి ముందే ఫోన్ చేసి పర్మిషన్ తీసుకో. ఎన్నింటికి రమ్మంటే అది మన టైమా, తోట టైమా అని కూడా అడుగు, చాలా తోటల్లో గడియారం గంట ముందుంటుంది.

ఇక అసలు సంగతి. చాలామంది తోటలో నాలుగు ఫొటోలు దిగి, ఫ్యాక్టరీ గబగబా చుట్టేసి వచ్చేస్తారు. పొద్దున కోసిన ఆకు ఆ పూటే టీ అయిపోదు. సాయంత్రం ఆకు తూకం వేసే చోటికి వెళ్లు, అక్కణ్ణించి ఆకు వెంటే నడువు. పొడవాటి తొట్లలో పరిచి, కింద నుంచి గాలి కొట్టి రాత్రంతా వాడనిస్తారు. అడిగి ఓ గుప్పెడు తీసుకుని పిసికి చూడు, తాజా ఆకు పటుక్కున విరుగుతుంది, వాడింది మెత్తగా ముద్దయిపోతుంది. రాత్రికి దగ్గర్లోనే ఉండి తెల్లారగానే మళ్లీ వెళ్లు. సీటీసీ అని, ఆకును నలిపి చించి చుట్టే మిషన్ ఉంటుంది, దాని రోలర్ల పళ్ల మధ్య నలిగి పచ్చగా బయటికొచ్చిన ఆకు గంట, గంటన్నరలో నీ కళ్లముందే రాగి రంగుకు తిరుగుతుంది, పసరు వాసన పోయి తియ్యటి వాసన మొదలవుతుంది, దాన్ని ఏ నిమిషాన డ్రయ్యర్‌లోకి పంపాలో పసిగట్టడమే ఆ ఫ్యాక్టరీలో అసలు విద్య. అక్కడ తొందరపడకు, ఎంతసేపు నిలబడనిస్తే అంతసేపు నిలబడు. 100 కిలోల పచ్చాకు పోస్తే చివరికి చేతికొచ్చే టీ 22, 23 కిలోలే.

ఫ్యాక్టరీలో చున్నీ వేలాడనివ్వకు, మిషన్లలో చిక్కుకుంటుంది. సెంటు అసలు వద్దు, టీ ఏ వాసననైనా పట్టేస్తుంది.

ఆకు కోసే ఆడవాళ్లను అడక్కుండా ఫొటో తియ్యకు. రోజుకింత ఆకు కోయాలని వాళ్లకో లెక్కుంటుంది, ఫోజుల కోసం నిలబెడితే నష్టపోయేది వాళ్లే. బ్రిటిష్ వాళ్లు ఛోటానాగ్‌పూర్ నుంచీ, ఒడిశా నుంచీ, మన తెలుగు జిల్లాల నుంచీ తీసుకెళ్లిన కూలీల వారసులు చాలామంది ఇప్పటికీ ఆ తోటల్లోనే ఉన్నారు. మనవాళ్లెవరైనా ఉన్నారేమో అడుగు, కనిపిస్తే తీరిగ్గా కూర్చుని మాట్లాడు.

తేదీలు ఖాయమయ్యాక ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న