ఎరుపు రంగుకు మూడు లక్షలు: కట్టాలా, వద్దా?

ప్రశ్న: మాది వరంగల్. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి అడ్తి నడుపుతున్నాను. వయసు 41. రెండు డోర్ల స్పోర్ట్స్ కారు కొనాలని చిన్నప్పటి నుంచి కోరిక. హైదరాబాద్ షోరూములో ఎక్స్‌షోరూం ధర 78 లక్షలు చెప్పారు. తెలుపు, నలుపు అయితే అదనం ఏమీ లేదట. నాకు నచ్చిన ముదురు ఎరుపుకు మాత్రం ఇంకో 3 లక్షలు అన్నారు. దాన్ని కూడా ఐదేళ్ల లోన్‌లో కలిపేస్తామంటున్నారు. మా ఆవిడేమో ‘ఆ డబ్బుతో ఇల్లంతటికీ రెండుసార్లు రంగులేయించొచ్చు’ అంటున్నది. రంగుకు అంత ఎందుకు? కట్టాలా, వద్దా?

జవాబు: రంగుకు ధర ఉంటుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. మన చపాటా మిర్చినే తీసుకోండి. కారం తక్కువే అయినా ఆ ఎరుపు కోసమే వెతుక్కుంటూ వచ్చి కొంటారు. 2025లో దానికి జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. రంగు దిగిన కాయకు రేటు ఎలా పడిపోతుందో రోజూ చూసేది మీరే. అయితే మిర్చి రంగుకు ఎక్కువ పెట్టి కొన్నవాడికి అమ్మేటప్పుడు ఆ ఎక్కువ తిరిగొస్తుంది. కారు రంగుకు పెట్టింది చాలావరకు తిరిగి రాదు. నేను చెప్పేదంతా ఈ తేడా మీదే.

ముందు ‘ఎందుకు’ అన్నదానికి వద్దాం. ఇందులో నిజమైన ఖర్చు కొంత ఉంది. నా కారు ముత్యపు తెలుపు. పోయినేడు తలుపు గీసుకుపోతే హనుమకొండలో ఒక పెయింటింగ్ షెడ్డుకు తీసుకెళ్లాను. పెయింటర్ నేరుగా తలుపు మీద కొట్టలేదు. ముందు అరచేయంత రేకు ముక్క మీద తెల్ల బేస్ కొట్టాడు. అది ఆరాక మెరుపు పొడి కలిసిన పల్చటి పొర, ఆపైన క్లియర్ కోటు. ఆ రేకును తలుపు పక్కన పెట్టి, బయట ఎండలోకి వచ్చి, ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి చూశాడు. ‘సార్, ఈ మధ్య పొర ఒక్క చేయి ఎక్కువ పడ్డా రంగు మారిపోతది’ అన్నాడు. మూడో రేకుకు గానీ కుదరలేదు. చివరికి తేడా తెలియకుండా ఉండాలని పక్క ఫెండర్ మీదికి కూడా రంగు లాగాల్సి వచ్చింది. మామూలు తెలుపుకు ఈ తిప్పలు ఉండవు.

ఫ్యాక్టరీలోనూ ఇంతే. పొర పెరిగితే సమయం, ఓవెన్ ఖర్చు పెరుగుతాయి. రంగు మార్చిన ప్రతిసారీ గొట్టాలు, గన్లు సాల్వెంటుతో కడగాలి, లోపల మిగిలిన రంగు వృథా. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లను అడిగితే ఇదే చెప్తారు: ఎవరో ఒకరు ప్రత్యేకమైన రంగు అడిగితే ఒక్క జంపఖానా కోసమైనా నూలుకు వేరే అద్దకం పెట్టాల్సిందే. స్పోర్ట్స్ కార్లు అసలే కొద్దిగా తయారవుతాయి కాబట్టి ఈ ఖర్చు తక్కువ కార్ల మీద పడుతుంది. పైగా బాడీలో ఉక్కు, అల్యూమినియం, ప్లాస్టిక్ బంపర్లు అన్నీ ఉంటాయి. అన్నిటి మీదా ఎరుపు ఒకేలా కనిపించాలి. పోర్షా కంపెనీ అయితే 160కి పైగా ప్రత్యేక రంగులు ఇస్తుంది. ఒక్కో రంగును విడిగా పరీక్షించాలి మరి.

అయినా మూడు లక్షలకు ఈ లెక్క సరిపోదు. మాజ్డా కంపెనీ 2012లో సోల్ రెడ్ అనే ఎరుపు తెచ్చింది. నిపుణుడైన పెయింటర్ చేయి కదిలే తీరును రోబోలకు నేర్పించి మరీ వేస్తారు. అంత కష్టమైన రంగుకు అమెరికాలో అదనంగా తీసుకునేది కొన్ని వందల డాలర్లే. దాదాపు అదే తరహా పనికి స్పోర్ట్స్ కారు మీద లక్షలు అడుగుతున్నారంటే, పనిని కాదు, మీ కోరికను చూసి ధర కట్టారు. 78 లక్షల పక్కన పెడితే 3 లక్షలు చిన్నగా కనిపిస్తాయని వాళ్లకు బాగా తెలుసు. బేస్ ధర ప్రకటనలో అందంగా ఉంటుంది, లాభం ఇలాంటి ఆప్షన్లలో ఉంటుంది. అందుకే ఆ 3 లక్షలను కారు ధరతో పోల్చకండి. సీజన్లో ఎన్ని రోజుల కమీషన్ అవుతుందో లెక్కేయండి.

లోన్‌లో మాత్రం కలపొద్దు. 9 శాతం వడ్డీకి ఐదేళ్లంటే ఆ రంగుకే నెలకు సుమారు 6,228 రూపాయల ఈఎంఐ. మొత్తం కట్టేది 3,73,000 దాటుతుంది. రంగు ధర ఇన్వాయిస్‌లో చేరితే లైఫ్ టాక్స్ దాని మీద కూడా పడుతుంది. పది లక్షలు దాటిన కారు కాబట్టి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా. ఈ టీసీఎస్‌ను మాత్రం ఐటీ రిటర్నులో సర్దుకోవచ్చు, మర్చిపోకండి.

ఇన్సూరెన్స్ విషయం ఎవరూ ముందు చెప్పరు. ఐడీవీలో, అంటే కారు పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కగట్టే విలువలో, రంగు ధర కలిసిందో లేదో అడగండి. కలిసినా నాలుగో ఏడు దాటేసరికి తరుగు 50 శాతానికి చేరుతుంది. పాలసీలో జీరో డిప్రిసియేషన్ (తరుగు కోయకుండా క్లెయిము ఇచ్చే అదనపు కవర్) లేకపోతే పెయింటింగ్ క్లెయిములో రంగు మెటీరియల్ ఖర్చులో సగం మీ జేబు నుంచే. నా తెల్ల తలుపుకు ఆ సగం కట్టాకే నాకు ఈ క్లాజు సరిగ్గా అర్థమైంది. మీ ఎరుపు కూడా నా తెలుపులా మూడు పొరలదైతే ఆ సగం బరువే. కాబట్టి ఏ రంగు తీసుకున్నా జీరో డిప్రిసియేషన్ తీసుకోండి.

తెల్ల కారు కొని ఎరుపు స్టిక్కర్ ర్యాప్ వేయిస్తే సరిపోతుందని ఎవరైనా చెప్తే తొందరపడకండి. ఆర్సీలో రంగు రాసి ఉంటుంది. మార్చాలంటే ఆర్టీఏలో ఎక్కించుకోవాలి.

మీ పరిస్థితిలో నేనైతే ఇలా చూస్తాను. అడ్తి అంటే డబ్బు ఎప్పుడూ రైతుల దగ్గర, వ్యాపారుల దగ్గర తిరుగుతూనే ఉంటుంది. ఒక సీజన్ తేడా వస్తే ఆరు నెలలు ఇల్లు గడిచే డబ్బు పక్కన ఉందా? మీ పేరు మీద టర్మ్ పాలసీ ఉందా? ఈ రెండూ లేకపోతే రంగు మాట కాదు, కారు మాటే ఇంకో ఏడాది ఆపాలి. ఉండి, కారును పదేళ్లు ఉంచుకుంటానంటే మీ ముచ్చటను నేను కాదనను. 41 ఏళ్లకు చిన్నప్పటి కోరిక తీరడం చిన్న విషయం కాదు. మూడు నాలుగేళ్లలో మార్చే ఆలోచన ఉంటే తెలుపో నలుపో తీసుకుని, మిగిలిన దాంట్లో కొంత పెట్టి పెయింట్ కాపాడే పారదర్శక ఫిల్ము వేయించండి. హైదరాబాద్ హైవే మీద లారీల వెనక రెండుసార్లు వెళ్లొస్తే బానెట్ మీద రాళ్ల దెబ్బలు మీకే కనిపిస్తాయి.

బుకింగ్ కట్టే ముందు ప్రొఫార్మాలో (షోరూము ముందుగా ఇచ్చే అంచనా బిల్లులో) రంగు ధరను విడిగా ఒక లైనులో రాయించుకోండి. తర్వాత ఆ ఎరుపు నమూనా రేకు అడిగి, షోరూము లైట్ల కింద కాకుండా మిర్చి చూసినట్టే మధ్యాహ్నం ఎండలో చూడండి, మీ ఆవిడను పక్కన పెట్టుకొని. అప్పుడూ అదే కావాలనిపిస్తే సీజన్ ముగిసి బాకీలు వసూలయ్యాక ఆ 3 లక్షలు చేతి డబ్బులోంచే కట్టండి.