యురేనియం-238 నుంచి సీసం-206: బీటాలు మైనస్ 6 ఎందుకొస్తున్నాయి?

యురేనియం-238 సీసం-206గా మారేలోపు ఎన్ని ఆల్ఫా, బీటా కణాలు వెలువడతాయన్న లెక్కలో, బీటా క్షయానికి కూడా మీరు పరమాణు సంఖ్య (ప్రోటాన్ల సంఖ్య) తగ్గించేశారు. అందుకే 8 ఆల్ఫాలు సరిగ్గా వచ్చినా బీటాలు మైనస్ 6 అయ్యాయి.

1. 238 − 206 = 32. బీటా ద్రవ్యరాశి సంఖ్యను (ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) కదపదు, కాబట్టి ఇదంతా ఆల్ఫాలదే. ఒక్కో ఆల్ఫాలో 2 ప్రోటాన్లు, 2 న్యూట్రాన్లు: 32 ÷ 4 = 8.

2. యురేనియం పరమాణు సంఖ్య 92. 8 ఆల్ఫాలతో 16 ప్రోటాన్లు పోతాయి: 92 − 16 = 76.

3. చాలామంది జారేది ఇక్కడే. బీటా కణం ఎలక్ట్రానే, కానీ కక్ష్యలోంచి ఊడిపడింది కాదు. కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతూ దాన్ని బయటికి తోసేస్తుంది. అంటే ప్రోటాన్ ఒకటి పెరిగింది! థోరియం-234ని చూడండి: 90 ఉన్నది 91 అయ్యి ప్రొటాక్టినియం-234 అవుతుంది.

4. 76 నుంచి సీసం పరమాణు సంఖ్య 82కి చేరాలంటే 6 బీటాలు. మైనస్ కాదు, ప్లస్.